ఆకలి, హారం: పిల్లలతో తెలుగులో అక్షరం మార్చే పజిళ్ళు ఆడించడం ఎలా?

మా చెల్లెలు ఇంగ్లండ్‌లో, రెడింగ్‌లో ఉంటుంది. వాళ్ళమ్మాయి లెవెన్ ప్లస్ పరీక్షకి చదువుతున్న రోజుల్లో ఒక ఆదివారం వీడియో కాల్‌లో, "పెద్దమ్మా, ఇది చెప్పు చూద్దాం" అని ఒక పజిల్ వేసింది. రెండు మాటలు: ఫ్లాట్, బ్యాక్. మొదటి దాంట్లోంచి ఒకే ఒక్క అక్షరం తీసి రెండో దాంట్లో పెట్టాలి. తీశాక మిగిలిందీ మాటే కావాలి, పెట్టాక వచ్చిందీ మాటే కావాలి. నేను కాగితం, పెన్ను వెతుక్కునేలోపు తనే చెప్పేసింది: "ఎల్ తీసెయ్ పెద్దమ్మా. ఫ్యాట్, బ్లాక్."

ఫోన్ పెట్టేశాక వంట చేస్తున్నా బుర్ర దాని మీదే ఉంది. ఇదే ఆట తెలుగులో రాదా? అన్నం ఉడికేలోపు ఒకటి దొరికింది. ఆకలి, హారం. ఆకలిలోంచి "ఆ" తీస్తే కలి మిగులుతుంది. ఆ "ఆ"ని హారం ముందు పెడితే ఆహారం. ఆకలి వేస్తే ఆహారం వచ్చింది! అప్పటి నుంచి మా అపార్ట్‌మెంట్‌లో ఆదివారం పూట పిల్లలకు తెలుగు చెప్పేటప్పుడు మొదటి పావుగంట ఈ ఆటకే. రెండో తరగతి నుంచి ఆరో తరగతి దాకా ఉంటారు. వాళ్ళతో ఆడించి, తప్పులు చేసి, దిద్దుకుని నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నా.

ఈ ఆట ఎక్కడిది?

ఇంగ్లండ్‌లో ప్రవేశ పరీక్ష పెట్టి పిల్లల్ని చేర్చుకునే ప్రభుత్వ బళ్ళని గ్రామర్ స్కూళ్ళంటారు, అవి 163 ఉన్నాయి. వాటిలో చేరడానికి పది, పదకొండేళ్ళ పిల్లలు ఇయర్ సిక్స్ తరగతి మొదట్లో, ఎక్కువగా సెప్టెంబరులో, రాసేదే లెవెన్ ప్లస్. చాలా ప్రాంతాల్లో అందులో వెర్బల్ రీజనింగ్ ఉంటుంది. మాటలతో, అక్షరాలతో తర్కం అన్నమాట. అక్షరం మార్చే ప్రశ్న దాంట్లో పాత కాపు. అక్కడి మన తెలుగు ఇళ్ళల్లో ఇయర్ ఫోర్ తరగతి నుంచే ఈ పరీక్ష పుస్తకాలు బల్ల మీద కనిపిస్తుంటాయి. మన దగ్గర సైనిక్ స్కూల్ ఆరో తరగతి ప్రవేశ పరీక్షలో ఇంటెలిజెన్స్ విభాగం ఉంది, ఎనిమిదో తరగతి పిల్లలు రాసే స్కాలర్‌షిప్ పరీక్ష ఎన్ఎమ్ఎమ్ఎస్‌లో మెంటల్ ఎబిలిటీకి 90 ప్రశ్నలున్నాయి. అచ్చంగా ఈ ప్రశ్నే రాకపోయినా, మాటని ముక్కలు చేసి చూసే అలవాటు అక్కడా పనికొస్తుంది.

అయినా ఈ ఆట మనకేం కొత్త కాదు. ఏడో శతాబ్దపు బాణుడి కాదంబరిలో శూద్రక మహారాజు పొద్దుపుచ్చుకునే ఆటల పట్టిక ఒకటుంది. అందులో అక్షరచ్యుతకం, మాత్రాచ్యుతకం అని రెండున్నాయి. మొదటిది అక్షరం జారిపోతే అర్థం మారే ఆట, రెండోది గుణింతపు మాత్ర జారిపోతే అర్థం మారే ఆట. కింద నేను చెప్పే మొదటి మెట్టు, రెండో మెట్టు వీటికి బాగా దగ్గరివే. ఆ సంగతి నాకు ఆట మొదలుపెట్టిన చాలా రోజులకి తెలిసింది. అవధానాల్లో చెప్పిన చోట చెప్పిన అక్షరం పడేలా పద్యం కట్టే న్యస్తాక్షరి, వరస తప్పించి ఇచ్చిన అక్షరాలని పేర్చి చెప్పే వ్యస్తాక్షరి విన్నవాళ్ళకి కూడా ఇది చుట్టం లాంటి ఆటే అనిపిస్తుంది.

ముందు "ఒక అక్షరం" అంటే ఏమిటో తేల్చుకోవాలి

ఇంగ్లీషులో ఈ గొడవ లేదు. ఇరవై ఆరు అక్షరాలు విడివిడిగా నిలబడి ఉంటాయి, ఒకదాన్ని పట్టుకుని లాగెయ్యడమే. తెలుగులో "ఫ్లాట్" అని రాసి అందులోంచి ల తియ్యమంటే పిల్లలు అయోమయంగా చూస్తారు. పొల్లు, ఒత్తు, దీర్ఘం అన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి కదా.

అందుకే మొదటి మెట్టులో నేను పెట్టుకున్న లెక్క ఇది: నోటితో ఒక్క దెబ్బలో పలికేది ఒక అక్షరం. గుణింతం, ఒత్తు, సున్న ఏవున్నా సరే, విడదీయకూడదు. "సంగతి" అంటే సం, గ, తి: మూడు. "ప్రగతి" అంటే ప్ర, గ, తి: ఇదీ మూడే. సంగతిలోంచి "సం" మొత్తంగా కదులుతుంది: సంగతి, గీతం అని ఇస్తే గతి, సంగీతం. ప్రగతిలోంచి "ప్ర" మొత్తంగా కదులుతుంది: ప్రగతి, దేశం అని ఇస్తే గతి, ప్రదేశం.

ఇది పిల్లలకి నోటితో చెబితే ఎక్కదు, చప్పట్లతో ఎక్కుతుంది. మాట పలుకుతూ అక్షరానికో చప్పట. సం, గ, తి. నాలుగు చప్పట్లు కొట్టిన పిల్లవాడు సున్నని విడిగా లెక్కపెట్టాడని అర్థం. మొదటి రోజు పజిళ్ళేమీ లేకుండా ఇంట్లో కనిపించే వస్తువుల పేర్లకి చప్పట్లు కొట్టించండి, చాలు.

కావలసినవి

పాత పెళ్ళి శుభలేఖలు. నిజంగా అంతే. మన ఇళ్ళల్లో వాటికి కొదవా? వెనకవైపు తెల్లగా ఉన్న అట్టని అగ్గిపెట్టె సైజులో ముక్కలు కోసి, ముక్కకో అక్షరం మార్కర్‌తో పెద్దగా రాసుకోండి. చేత్తో పట్టుకుని జరిపితే పిల్లలకి వచ్చే ఊపు, పుస్తకంలో గీత కొట్టిస్తే రాదు. ఒక లావుపాటి నోట్‌బుక్ కూడా కావాలి. అది మీకు, పిల్లలకి కాదు. ఎందుకో తర్వాత చెబుతా.

నియమాలు

ఒక అక్షరమే కదలాలి. మిగిలిన అక్షరాల వరస మారకూడదు. రెండు మాటలూ అర్థం ఉన్నవి కావాలి. మనుషుల పేర్లు, ఊర్ల పేర్లు చెల్లవు. ఈ చివరి నియమం లేకపోతే గంటలో మూడొంతులు "మా క్లాసులో ఆ పేరుగల అబ్బాయి ఉన్నాడు" అనే వాదనకే పోతుంది. అనుభవంతో చెబుతున్నా.

విభక్తులు చేర్చిన రూపాలు కూడా ఒప్పుకోకండి. "మేకకు", "వలలో" లాంటివి ఒప్పుకుంటే దేనికైనా "కు", "లో" తగిలించి గట్టెక్కేస్తారు.

పిల్లలకు నేర్పే వరస

ఒక పజిల్ పట్టుకుని చూద్దాం: నవల, పస. మూడో తరగతి పిల్లాడితో నేను చేయించినట్టే రాస్తాను.

1. రెండు మాటలూ పైకి చదివించాలి. పస అంటే ఏంటో వాడికి తెలీదు. "ఈ టీలో పస లేదు అంటుంది చూడు మీ నానమ్మ, అదే" అన్నాను. అర్థం తెలియని మాటతో ఆడించొద్దు, ముందు చెప్పెయ్యండి. ఇది పదసంపద పరీక్ష కాదు, ఆ పని పక్కదారిలో అదే జరుగుతుంది.

2. మొదటి మాటలో బొటనవేలితో ఒక్కో అక్షరాన్ని మూసి మిగిలింది చదవాలి. "న" మూశాడు: వల. "మాటే!" అన్నాడు. "వ" మూశాడు: నల. తల గోక్కున్నాడు. "నలుడు ఉన్నాడు కదా?" అన్నాడు. పేర్లు చెల్లవని గుర్తు చేశాను. "ల" మూశాడు: నవ. నవగ్రహాలు, నవధాన్యాలు ఉన్నాయి కాబట్టి ఇదీ పరవాలేదనుకున్నాం. కాబట్టి కదిలేది "న" అయినా కావాలి, "ల" అయినా కావాలి.

ఇక్కడే చాలామంది పిల్లలు ఆగిపోతారు. మొదటి మాట దొరకగానే జవాబు దొరికినట్టు గంతులేస్తారు. వేలు చివరి అక్షరం దాకా వెళ్ళి తీరాలని పట్టుబట్టండి.

3. రెండో మాటలో ఎన్ని ఖాళీలున్నాయో లెక్కపెట్టాలి. రెండక్షరాల మాటకి మూడు చోట్లు: ముందు, మధ్య, వెనక. మూడక్షరాల మాటకి నాలుగు. ముక్కల మధ్య వేలు పెట్టి చూపిస్తే చాలు.

4. దొరికిన అక్షరాన్ని ఒక్కో ఖాళీలో పెట్టి పైకి చదవాలి. "ల"తో మొదలుపెట్టాడు: లపస, పలస, పసల. ఏదీ కాదు. "న"తో: నపస. ప, న, స... సగంలోనే అరిచాడు, "పనస!" వాళ్ళ అమ్మమ్మగారింట్లో పనసచెట్టు ఉందట.

5. చివరికి నాలుగు మాటలూ కలిపి ఒకసారి చెప్పించాలి: నవల, పస, వల, పనస. ఇది మర్చిపోవద్దు. పిల్లలు రెండో మాట దొరికిన సంబరంలో మొదటి మాటలో ఏం మిగిలిందో చూసుకోరు.

మొత్తం కలిపినా తొమ్మిది రకాలుగా పెట్టి చూస్తే అయిపోయే పని. ఆ సంగతి పిల్లలకి చెబితే టెన్షన్ పోతుంది. "తెలివి ఉంటే వస్తుంది" అనుకునే పిల్లవాడు రెండు నిమిషాల్లో చేతులెత్తేస్తాడు, "తొమ్మిదిసార్లు చూస్తే ఎక్కడో ఒకచోట ఉంటుంది" అనుకునేవాడు చివరిదాకా కూర్చుంటాడు.

దగ్గరి దారులు

వరసగా చూడటం అలవాటయ్యాక ఈ రెండూ చెప్పండి, ముందే చెబితే వరస నేర్చుకోరు.

తెలుగు మాటలో అచ్చు అక్షరం దాదాపు ఎప్పుడూ మొదట్లోనే వస్తుంది. కాబట్టి కదిలేది అ, ఆ, ఇ, ఉ లాంటిదైతే రెండో మాటలో దానికి ఒక్కటే చోటు, తల దగ్గర. ఆకలి, హారం పజిల్‌లో "ఆ" కదులుతుందని తెలిసిన మరుక్షణం పని అయిపోయినట్టే.

రెండోది: రెండో మాట "ం"తో ముగిస్తే చివరి ఖాళీని దాదాపు మర్చిపోవచ్చు. వనం, నయం, దేశం లాంటి వాటి వెనక ఇంకో అక్షరం చేరి మాట అవడం బహు అరుదు. ముందూ, మధ్యా చూస్తే చాలు.

పజిళ్ళు మీరే తయారు చేసుకోవాలంటే

ఇంగ్లీషులో కావలసినన్ని పుస్తకాలున్నాయి. తెలుగులో మనమే కట్టుకోవాలి. ఇందాక చెప్పిన నోట్‌బుక్ ఇందుకే. మొదట్లో నేను ఏదో ఒక పజిల్ మెరుపులా తడుతుందని గోడ వంక చూస్తూ కూర్చునేదాన్ని. తట్టలేదు. పజిల్‌ని పుట్టించకూడదు, అతికించాలి.

నోట్‌బుక్‌లో అక్షరానికో పేజీ కేటాయించండి. పేజీ మధ్యలో గీత. ఎడమవైపు ఆ అక్షరం తీస్తే ఇంకో మాట మిగిలేవి, కుడివైపు ఆ అక్షరం చేరిస్తే ఇంకో మాట అయ్యేవి. నా "క" పేజీలో ఎడమవైపు: అలక (అల), అరక (అర), ఆకలి (ఆలి), మొలక (మొల), కవల (వల). కుడివైపు: మర (మరక), వల (కవల). ఎడమవైపు ఏదైనా, కుడివైపు ఏదైనా కలపొచ్చు. ఐదు రెళ్ళు పది పజిళ్ళు ఒక్క పేజీలో తయారు! అందులో ఒకటి మాత్రం కొంటె పజిల్: కవల, వల అని ఇస్తే జవాబు వల, కవల. పిల్లలు అరగంట నవ్వుతారు.

ఇంకో కిటుకు. ప్రతి పజిల్‌నీ తిరగేస్తే ఇంకో పజిల్ వస్తుంది. నవల, పస నుంచి వల, పనస వచ్చాయి కదా. ఒక వారం ఆగి పనస, వల అని ఇవ్వండి. ఒక్క పిల్లవాడైనా గుర్తుపడతాడేమో చూడండి, మా దగ్గర ఎవరూ పట్టలేదు.

కుడివైపు పేజీ నింపడానికి "ం"తో ముగిసే మాటలు, ముఖ్యంగా సంస్కృతం నుంచి వచ్చినవి, కామధేనువులు. రణం తీసుకోండి: చరణం, శరణం, మరణం, కరణం, కారణం. వనం: పవనం, భవనం, జీవనం, పావనం. వరం: వివరం, సవరం, కావరం. దేశం: ఆదేశం, విదేశం, ప్రదేశం, సందేశం. దారం: మందారం, కేదారం.

కానీ "వి" దగ్గర జాగ్రత్త. వివరం, నయం అంటే వరం, వినయం. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. అయితే జయం, భాగం, శేషం, దేశం, వాదం, హారం, దేనికి తగిలించినా వి పనిచేస్తుంది. రెండు వారాల్లో పిల్లలు ఏ పజిల్ ఇచ్చినా ముందు "వి" కోసం వెతకడం మొదలుపెడతారు. వి, ప్ర, సం లాంటి ఉపసర్గలతో పదికి రెండుకి మించి ఇవ్వకండి. మిగతావి అలక, మరక, దవడ, పనస లాంటి ఇంటి మాటలతో కట్టండి. కాస్త శ్రమే, కానీ ఆట రుచి వాటిలోనే ఉంది.

రెండు జవాబులు వస్తే?

వస్తాయి. పుస్తకాల్లో ఒక్కటే జవాబు ఉండేలా జల్లెడ పడతారు. ఇంట్లో కట్టుకునేవాళ్ళకి అంత ఓపిక ఉండదు.

నేను నగరం, పలు అని ఇచ్చాను. నా జవాబు: "గ" తీసి నరం, పగలు. ఐదో తరగతి పిల్ల చెయ్యెత్తి "గరం, పనలు" అంది. పనలేంటి అన్నాను. "కోసిన వరి కట్టలు కట్టలుగా వేస్తారు కదా టీచర్, పనలు" అంది. వాళ్ళ తాతయ్యకి పొలం ఉంది. గరం మసాలాలో గరం ఉండనే ఉంది. నేను కట్టిన పజిల్‌కి నాకే తెలియని రెండో జవాబు. బోర్డు మీద రెండూ రాశాం.

కమలం, మడ అని ఇచ్చినప్పుడు ఇంకో చిత్రం. మడ అంటే మడ అడవుల్లో మడ. నేననుకున్నది కలం, మడమ. అనంతపురం నుంచి వచ్చిన కుటుంబం పిల్లాడు "క" తీసి మడ వెనక పెట్టి మడక అన్నాడు. సీమలో నాగలిని మడక అంటారు. అదీ సరైనదే, కానీ "క" తీశాక కమలంలో ఏం మిగిలిందో పైకి చదవమన్నాను. చదివాడు. తర్వాత ఐదు నిమిషాలు క్లాసు అదుపులో లేదు.

కాబట్టి నా పద్ధతి ఇది: వరస తప్పకుండా, అర్థం చెప్పగలిగితే ఏ జవాబైనా ఒప్పే. అర్థం చెప్పలేకపోతే నిఘంటువు తీయించండి. అనుమానం వచ్చినప్పుడు నిఘంటువు తిప్పిన పిల్లవాడు పక్క పేజీలోని నాలుగు మాటలు కూడా చదివి వస్తాడు. పరీక్షకి తయారయ్యే పిల్లలకి మాత్రం ఒక మాట అదనంగా చెప్పాలి: అక్కడ పేపర్ దిద్దేవాళ్ళతో వాదించే వీలుండదు, అందరికీ తెలిసిన మాటనే ఎంచుకోవాలి.

రెండో మెట్టు: గుణింతపు గుర్తు కదపడం

పూర్తి అక్షరాలతో ఓ నెల ఆడాక ఇది మొదలుపెట్టండి. ఇక్కడ అక్షరం కదలదు, దాని మీది గుర్తు ఒక్కటే కదులుతుంది. గుర్తు పోయిన అక్షరానికి తలకట్టు వస్తుంది.

గది, పలక. గది మీది గుడిని ఎత్తి పలక మీద పెట్టండి. గద, పిలక! భీముడి చేతిలో ఒకటి, పంతులుగారి తల మీద ఒకటి. ముడి, గడి: ముడి కొమ్ము తీసి గడికి ఇస్తే మడి, గుడి. చెలి, వల: ఎత్వం మారితే చలి, వెల. వెల బదులు "వలె" అన్నా తప్పు లేదు, ఇదీ రెండు జవాబుల పజిలే.

నియమం ఒకటి కలుస్తుంది. ఒక అక్షరం మీద ఒకే గుర్తు నిలుస్తుంది, కాబట్టి గుర్తుని తలకట్టు ఉన్న అక్షరం మీదే పెట్టగలం. గడిలో "డి" మీద ఇప్పటికే గుడి ఉంది, కొమ్ముకి అక్కడ చోటు లేదు, మిగిలింది "గ" ఒక్కటే. ఇలా ఆలోచించడం మొదలుపెట్టాడంటే పిల్లవాడు సగం తార్కికుడైనట్టే.

దీనికి అట్టముక్కలు చాలవు. పుస్తకాలకి వేసే పారదర్శక ప్లాస్టిక్ అట్ట చిన్న ముక్కలుగా కోసి, వాటి మీద గుడి, కొమ్ము, దీర్ఘం, ఎత్వం విడివిడిగా రాసి, అక్షరం మీద పేర్చి చూపిస్తాను. తలకట్టు దగ్గర కాస్త అడ్డంగా ఉంటుంది, పిల్లలు సర్దుకుంటారు. ప్లాస్టిక్ దొరక్కపోతే ఫోన్ ఉంది. గది అని టైప్ చేసి ఒక్కసారి బ్యాక్‌స్పేస్ కొట్టండి. చాలా ఫోన్లలో గుడి ఒక్కటే పోయి గద మిగులుతుంది. రాతలో ఒకటిగా కనిపించే "ది", ఫోన్ లెక్కలో రెండు ముక్కలు. మా పిల్లలకి ఇది గారడీలా అనిపించి ఆ రోజంతా అదే పని.

మూడో మెట్టు: ఒత్తు

దీంట్లో ఎక్కువ పజిళ్ళు దొరకవు, కానీ దొరికినవి భలే ఉంటాయి. చెల్లి, బలి. చెల్లిలోంచి ల ఒత్తు తీసి బలికి తగిలించండి: చెలి, బల్లి. ఐదో తరగతి పైవాళ్ళకే ఇవ్వండి. ఇక్కడ చప్పట్ల లెక్క పనిచేయదు, చెవి ఒక్కటే సరిపోదు, రాసుకుని కంటితో చూడాలి. ఒత్తుల్లో తడబడే పిల్లలకి మాత్రం ఇది కాపీ రాయించడం కన్నా మంచి మందు. ఒత్తు ఉంటే బల్లి, లేకపోతే బలి అని ఒకసారి నవ్వుకున్నాక మళ్ళీ ఒత్తు మర్చిపోరు.

లెవెన్ ప్లస్ పిల్లల ఇళ్ళకి

తెలుగులో ఆడి ఇంగ్లీషుకి వెళ్ళే పిల్లలకి ఒకచోట దెబ్బ తగులుతుంది. మొదటి మెట్టు వరకూ తెలుగులో చెవి చాలు. అక్షరం మూసి చదివితే మిగతా అక్షరాల ధ్వని మారదు. ఇంగ్లీషులో మారిపోతుంది. ప్లేన్ అనే మాటలో చివర్న పలకని "ఈ" ఉంది. దాన్ని తీస్తే ప్లాన్. అదే "ఈ"ని హాప్ చివర పెడితే హోప్. అచ్చుల ధ్వనే మారిపోయింది. నోటితో పలుకుతూ వెతికేవాడికి ఇది ఎప్పటికీ దొరకదు. కాబట్టి ఇంగ్లీషు పజిల్ మౌనంగా, కంటితో, స్పెల్లింగ్ చూస్తూ చేయాలని ముందే చెప్పండి.

ఎక్కడ వెతకాలి అంటే, మొదటి మాటలో రెండు హల్లులు పక్కపక్కనే ఉన్నచోట ముందు వేలు పెట్టించండి. ఫ్లాట్‌లో ఎఫ్, ఎల్ లాగా. జంటలో ఒకటి పోయినా మాట బతికే అవకాశం ఎక్కువ. ఆ తర్వాత చివరి "ఈ", చివరి "ఎస్" చూడాలి. మా చెల్లెలి కూతురు ఇదే వరస పాటించేది.

టైమర్ పెట్టాలా అని వాళ్ళమ్మ అడిగింది. పరీక్షలో ఒక్కో ప్రశ్నకి నిమిషం కూడా దొరకదు కాబట్టి చివరి రెండు మూడు నెలల్లో పెట్టక తప్పదు. అంతకుముందు పెడితే పిల్లలు వరసగా చూడటం మానేసి ఊహించడం మొదలుపెడతారు. తెలుగు ఆటకైతే అసలు వద్దు.

సాధనకి కొన్ని

మొదటి మెట్టు: (1) కలప, నస (2) కడవ, దడ (3) అలక, వల (4) నవల, జత (5) కారణం, పురం (6) సంగతి, పద (7) పగలు, నరం (8) విభజన, శేషం.

గుర్తు కదిలేవి: (9) కాలం, పదం (10) దారి, వరం. ఒత్తు కదిలేది: (11) చెల్లి, ఉలి.

జవాబులు, పిల్లలకి కనపడకుండా చదువుకోండి: (1) కల, పనస (2) కడ, దవడ (3) అల, కవల (4) వల, జనత (5) రణం, కాపురం. ఈ ఐదోది పెద్దవాళ్ళకి ఇస్తే పిల్లలకన్నా ఎక్కువ నవ్వుతారు. (6) గతి, సంపద (7) పలు, నగరం (8) భజన, విశేషం (9) కలం, పాదం (10) దరి, వారం (11) చెలి, ఉల్లి.

మీ నోట్‌బుక్‌లో ఒకవైపు మాత్రమే కుదిరిన సగం సగం పజిళ్ళు కూడా చేరతాయి. పారెయ్యకండి. నా "ఉ" పేజీలో ఎడమవైపు ఉసిరి చాలాకాలం ఒంటరిగా పడి ఉంది. "ఉ" తీస్తే సిరి, చక్కగా మిగులుతుంది. కానీ ఆ "ఉ"ని పెట్టడానికి కుడివైపు ఒక్క మాట లేదు. అచ్చు కాబట్టి ముందే చేరాలి. డుత, దయం... ఏదీ మాట కాదు. కార్తీకమాసంలో మా అమ్మ దేవుడికి మాల కడుతూ పక్కన కూర్చున్న పిల్లని "ఆ దారం అందుకో" అంది. దారం అందిస్తూ ఆ పిల్ల తనలో తను, "మందారం... కేదారం..." అనుకుంటూ టక్కున ఆగి నా వైపు తిరిగింది.

"ఉదారం!"